షెవీ 350 ఇంజన్‌ను తక్కువ ఖర్చులో రీబిల్డ్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో చేతులకు గ్రీజు అంటినా ఫర్వాలేదనుకునే మనవాళ్లు కొందరు 1970ల నాటి షెవ్రొలే కమారోనో, నోవానో కొంటుంటారు. అలాంటి కారు తక్కువ ధరకు దొరికిందంటే చాలాసార్లు ఇంజన్ పని అయిపోయిందనే అర్థం. మెకానిక్‌కు ఇస్తే కారు ధరకు మించి బిల్లు అవుతుంది. సొంతంగా చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇక్కడున్న కొలతలన్నీ షెవ్రొలే (ముద్దుగా షెవీ) 350 గురించే, అంటే 350 క్యూబిక్ ఇంచుల వి8 ఇంజన్ గురించే. వేరే ఇంజన్‌కు వీటిని వాడకండి.

ఇన్ని మజిల్ కార్లు (పెద్ద ఇంజన్ పెట్టిన పాత అమెరికన్ కార్లు) ఉండగా అందరూ షెవీ 350నే ఎందుకు చెబుతారు?

విడిభాగాల కోసం. షెవ్రొలే ఈ స్మాల్ బ్లాక్ వి8ను 1955 మోడల్‌లో 265 క్యూబిక్ ఇంచులతో మొదలుపెట్టింది. 350 సైజు 1967 కమారోతో వచ్చింది. బోరు (సిలిండర్ వ్యాసం) 4 ఇంచులు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.48 ఇంచులు, లీటర్లలో 5.7. ఆ తర్వాత దశాబ్దాల పాటు కార్లు, పికప్పులు, వ్యాన్లు, చివరికి మోటారు పడవల్లో కూడా ఇదే ఇంజన్ పెట్టారు. అందుకే మామూలు ఆటోపార్ట్స్ షాపులో కూడా దీని రింగులు, బేరింగులు, గాస్కెట్లు దొరుకుతాయి. పోంటియాక్ 455 ఇంజన్‌కో, మోపార్ (క్రైస్లర్) 440కో పిస్టన్ల సెట్టు ధర ఒకసారి అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

అమ్మినాయన "350" అన్నాడు. నమ్మొచ్చా?

నమ్మకండి, నంబరు చూడండి. బయటికి షెవీ 305 ఇంజన్, 350 ఒక్కలాగే ఉంటాయి. 305కి స్ట్రోక్ అదే గానీ బోరు 3.736 ఇంచులే. బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద పోతపోసిన కాస్టింగ్ నంబరు ఉంటుంది. 1970ల బ్లాకుల్లో తరచుగా కనిపించేది 3970010. ముందు వైపు, ప్యాసింజర్ పక్క హెడ్ (సిలిండర్ల పైమూత) కిందుగా ఉన్న చదునైన చోట ఇంకో నంబరు కొట్టి ఉంటుంది. అందులో విఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) తాలూకు అంకెలు ఉండి, అవి మీ కారుతో సరిపోతే ఆ బ్లాకును ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి. అసలు ఇంజన్ ఉన్న కారుకు విలువ వేరు.

ఇంకో సంగతి. 1986 నుంచి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) వెనక ఆయిల్ సీల్ ఒకే ముక్కగా వస్తోంది. అంతకుముందు రెండు ముక్కలు. పాత కారులో ఎవరో మధ్యలో పికప్ ఇంజన్ దించేసి ఉండొచ్చు కాబట్టి గాస్కెట్ కిట్టు, ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్ కార్లలో క్రాంక్ వెనక బిగించే పళ్లెం) కొనే ముందు మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి.

పొగ వస్తోంది. ఇంజన్ విప్పాల్సిందేనా?

మన ఊళ్లో బండి పొగ వదిలితే చాలు, "బోరుకొచ్చింది" అనేస్తారు. ప్రతి పొగా బోరు పొగ కాదు. రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే ఓ నీలం మబ్బు వదిలి ఊరుకుంటే, అది వాల్వ్ సీల్స్ గట్టిపడటం వల్ల. హెడ్ విప్పకుండానే, సిలిండర్‌లోకి గాలి పట్టించి వాల్వు కింద పడకుండా నిలిపి, స్ప్రింగు తీసి సీలు మార్చేయొచ్చు. ఖర్చు చాలా తక్కువ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే మాత్రం రింగుల మీద అనుమానపడాలి.

అనుమానం తీరాలంటే కంప్రెషన్ టెస్ట్ చేయండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ఎనిమిది ప్లగ్గులూ తీసేయాలి, ఇగ్నిషన్ పనిచేయకుండా చేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పెట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ 140 పిఎస్ఐ దగ్గర ఉండి ఒకటి 90 చూపిస్తే, ఆ సిలిండర్‌లో ఓ చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

లీక్‌డౌన్ టెస్టర్ దొరికితే ఇంకా మంచిది. పిస్టన్‌ను పైన నిలిపి గాలి ఎక్కించి చెవి పెట్టి వింటే చాలు. కార్బొరేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్టో, పగులో.

ఆయిల్ ప్రెషర్‌కు పాత లెక్క ఒకటుంది: ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పిఎస్ఐ. వేడెక్కాక అది కూడా రాకపోతే, లోపల కిందివైపు నుంచి టకటక మోత కూడా వినిపిస్తే, ఇక ఆ కారు తోలకండి. బేరింగు పోయిన ఇంజన్‌ను ఇంకో వారం తిప్పితే క్రాంక్ కూడా పోతుంది.

మొత్తం ఎంత అవుతుంది?

ఊరిని బట్టి, షాపును బట్టి మారుతుంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే రెండు దారులున్నాయి. సిలిండర్లు, క్రాంక్ బాగుండి కేవలం హోనింగ్ (సిలిండర్ గోడలను నూరడం) చేసి రింగులు, బేరింగులు, గాస్కెట్లు, టైమింగ్ చైను, ఆయిల్ పంపు మారిస్తే 500 నుంచి 800 డాలర్ల మధ్య బయటపడొచ్చు. బోరింగ్ (సిలిండర్లను పెద్దవి చేయడం), కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్స్ పని అన్నీ చేయించాల్సి వస్తే 2000 డాలర్లు దాటుతుంది, 3000 అయినా ఆశ్చర్యం లేదు. అంత దూరం వెళ్లేటట్టుంటే, ఖర్చు మొదలుపెట్టకముందే కొత్త క్రేట్ ఇంజన్ (పూర్తిగా బిగించి పెట్టెలో వచ్చేది) ధర ఎంతో కనుక్కోండి. కొన్నిసార్లు తేడా అంతగా ఉండదు. అంచనా ఎంత వేసుకున్నా అందులో మూడో వంతు పక్కన పెట్టుకోండి. మోటర్ మౌంట్లు, గొట్టాలు, క్లాంపులు, ఆయిల్, కూలెంట్, విరిగిన ఎగ్జాస్ట్ బోల్టులు... వీటిని ఎవరూ లెక్కలో రాసుకోరు, డబ్బులు పోయేది మాత్రం వీటికే.

ఎక్కడ పొదుపు చేయొచ్చు? ఎక్కడ కక్కుర్తి పడకూడదు?

బయటికి కనిపించేవాటిలో పొదుపు చేయండి. క్రోమ్ వాల్వ్ కవర్లు, రంగు రంగుల ప్లగ్ వైర్లు, కొత్త కార్బొరేటర్ ఇవేవీ ఇప్పుడు అవసరం లేదు. పాత క్వాడ్రాజెట్ కార్బొరేటర్‌ను కిట్టు వేసి శుభ్రం చేస్తే రోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది. 1975 నుంచి వచ్చిన హెచ్ఈఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది, జంక్‌యార్డులో దొరికితే పాత కాంటాక్ట్ పాయింట్ల గొడవ ఉండదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు పగలకపోతే పాతవే చాలు. ఫోర్జ్‌డ్ (కొట్టి చేసిన) పిస్టన్లు రేసుల వాళ్లకు. రోడ్డు కారుకు కాస్ట్ (పోతపోసిన) పిస్టన్లు సరిపోతాయి.

బేరింగులు, రింగులు, టైమింగ్ సెట్టు, ఆయిల్ పంపు, గాస్కెట్లు పేరున్న కంపెనీవే కొనండి. క్యామ్ (వాల్వులను తెరిపించే షాఫ్టు), దాని మీద ఆనే లిఫ్టర్లు వాడినవి తెచ్చి పెట్టకండి. మెషిన్ షాపులో కొలతకు, శుభ్రతకు పెట్టే డబ్బు తగ్గించకండి. తక్కువ డబ్బుతో మంచి ఇంజన్ చేసినవాళ్లందరూ పాటించే వరుస ఒకటే: ముందు విప్పి, తర్వాత కొలిచి, ఆ తర్వాతే కొనడం. సేల్‌లో వచ్చిందని ముందే పిస్టన్లు కొని పెట్టుకున్నవాళ్లు, బ్లాకు ఇంకో సైజు అడుగుతోందని తెలిశాక రెండోసారి కొంటారు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. చేయొచ్చా?

పార్కింగ్‌లో వద్దు. చాలా లీజుల్లోనే ఒప్పుకోరు, హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో కూడా నోటీసు వస్తుంది. ఇండిపెండెంట్ ఇల్లున్న స్నేహితుడి గ్యారేజీ నెలల తరబడి వాడుకోవడానికి ముందే మాట తీసుకోండి. ఆ ఇంటావిడ మాట కూడా. ఇంజన్ వారంలో దిగుతుంది గానీ మెషిన్ షాపు నుంచి బ్లాకు వారాలకు వారాలు రాకపోవచ్చు.

ఏ పనిముట్లు కొనాలి?

సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), ఇంజన్ స్టాండ్ కొనుక్కోండి. మిగతావి చాలా వరకు అరువే. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని రింగ్ కంప్రెసర్, హార్మోనిక్ బ్యాలెన్సర్ పుల్లర్, వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ లాంటివి ఇస్తాయి. తిరిగిస్తే డబ్బు వెనక్కి. ఇంజన్ హాయిస్ట్ అద్దెకు దొరుకుతుంది. స్టాండ్ విషయంలో మాత్రం మూడు కాళ్లది వద్దు, నాలుగు కాళ్లది తీసుకోండి. అంతా ఇనుమే అయిన ఈ ఇంజన్ నిండుగా ఉంటే 550 పౌండ్ల పైమాటే.

ఆటోమేటిక్ కారయితే ఇంజన్ లాగే ముందు టార్క్ కన్వర్టర్‌ను (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది) ఫ్లెక్స్‌ప్లేట్ నుంచి విప్పి, గేర్‌బాక్స్ వైపే ఉంచేయండి. ఇంజన్‌తో పాటు అదీ జారి వస్తే గేర్‌బాక్స్ ముందు సీలు, పంపు పాడవుతాయి.

విప్పేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేది), దాని క్యాప్ ఒకే జత. వేరే రాడ్డు క్యాప్‌తో మార్చి బిగించకూడదు. విప్పకముందే సిలిండర్ నంబరు రెండింటి మీదా కొట్టుకోండి. డ్రైవర్ వైపు 1, 3, 5, 7, ప్యాసింజర్ వైపు 2, 4, 6, 8. మెయిన్ క్యాపులకూ (క్రాంక్‌ను బ్లాకుకు పట్టి ఉంచేవి) అంతే, ఏ స్థానంలోది ఆ స్థానంలోనే, బాణం గుర్తు ముందుకు ఉండాలి.

సిలిండర్ పైఅంచున గోరుకు తగిలే గట్టు ఉంటే రిడ్జ్ రీమర్‌తో దాన్ని తీసేశాకే పిస్టన్‌ను పైకి నెట్టండి. లేకపోతే పిస్టన్ రింగు గట్లు విరుగుతాయి. రాడ్డు బోల్టులకు చిన్న రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి, క్రాంక్ మీద గీత పడదు. పాత బేరింగులను నంబరు ప్రకారం వరుసగా పెట్టి చూడండి. ఒకదాని మీదే రాగి రంగు తేలిందంటే, అక్కడేదో కథ ఉంది. ప్రతి దశలో ఫొటోలు తీయడం, బోల్టులను సంచుల్లో వేసి పేరు రాయడం అందరూ చెప్పేదే. ఏదీ పారేయకండి, పాత భాగం తిరిగిస్తే కొన్ని షాపులు కోర్ డిపాజిట్ వెనక్కిస్తాయి.

మెషిన్ షాపుకెళ్లి ఏమని అడగాలి?

"రీబిల్డ్ చేయండి" అనకండి. అలా అంటే బిల్లు వాళ్ల ఇష్టం. "కడిగి, పగుళ్లు చూసి, కొలిచి చెప్పండి, తర్వాత నిర్ణయించుకుంటాను" అనండి. హాట్ ట్యాంక్‌లో కడగడం, మ్యాగ్నాఫ్లక్స్‌తో పగుళ్లు వెతకడం, సిలిండర్ల అరుగుదల, క్రాంక్ జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు) కొలవడం. దీనికే మొదటి బిల్లు.

ఇక కొలతలు చేతికొచ్చాక. లేత్ వాళ్ల భాషలో ఒక థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు. సిలిండర్ పైన, కింద కొలతల తేడా ఒకటి రెండు థౌ ఉంటే హోనింగ్ చేసి రింగులు మార్చుకోవచ్చు. 5 థౌ దాకా పోతే, నా లెక్కలో, రింగుల మీద పెట్టే డబ్బు దండగ. కొత్త రింగులు కూడా కొన్నాళ్లకు ఆయిల్ తాగడం మొదలుపెడతాయి. అప్పుడు 30 థౌ బోరింగే. పిస్టన్లు కొని, వాటిని షాపువాళ్ల చేతికిచ్చి, వాటి కొలతకు బోరు చేయించండి. ఒకే సిలిండర్‌లో లోతుగా గీతపడి మిగతా ఏడూ బాగుంటే, మన దగ్గర ట్రాక్టర్లకు వేసినట్టే ఆ ఒక్కదానికి స్లీవ్ వేయించొచ్చు. ముఖ్యంగా బ్లాకు మీ కారు అసలుదైతే.

క్రాంక్‌కు గోరుకు తగిలే గీతలు లేకపోతే పాలిష్ చాలు. ఉంటే 10 థౌ గ్రైండ్ చేసి, ఆ సైజు బేరింగులు తీసుకోవాలి. క్యామ్ బేరింగులు మాత్రం షాపులోనే వేయించండి. దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి, ఆయిల్ రంధ్రాలు కలవకపోతే క్యామ్‌కు ఆయిలే అందదు.

హెడ్స్ పాతవే ఉంచాలా?

మీ హెడ్ నంబరు చివర 882 అని ఉంటే, పగుళ్లు పరీక్షించకుండా దాని మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి. అవి పగలడంలో పేరుమోసినవి. బాగు చేయించే ఖర్చు ఎక్కువ చెబితే 1996 తర్వాతి షెవీ పికప్పుల వోర్టెక్ హెడ్స్ వెతకండి. వాటి ఛాంబర్ (పెట్రోలు మండే గది) 64 సీసీలు. 1970ల 76 సీసీల హెడ్ కంటే చిన్నది కాబట్టి కంప్రెషన్ నిష్పత్తి దాదాపు ఒకటి పెరుగుతుంది, గాలి కూడా బాగా పోతుంది. కానీ వాటికి వేరే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, వేరే వాల్వ్ కవర్లు, సెల్ఫ్ అలైనింగ్ రాకర్లు (వాల్వులను నొక్కేవి) కావాలి. అవన్నీ కలిపి లెక్కేసుకోండి. హెడ్స్ చవకగా దొరికాయని ఎగిరి గంతేస్తే మ్యానిఫోల్డ్ దగ్గర డబ్బులు కక్కాలి.

పెద్ద క్యామ్ వేస్తే శబ్దం బాగుంటుందంటారు?

బాగుంటుంది, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) గేర్లు, స్టాక్ టార్క్ కన్వర్టర్, తక్కువ కంప్రెషన్ ఉన్న కారులో పెద్ద క్యామ్ వేస్తే కిందనుంచి లాగే శక్తి పోతుంది. స్టాక్ కంటే ఒక్క మెట్టు పైనున్నది తీసుకోండి.

383 స్ట్రోకర్ చేయమంటున్నారు...

30 థౌ బోరు చేసిన 350 బ్లాకులో 3.75 ఇంచుల స్ట్రోక్ క్రాంక్ పెడితే అది 383 క్యూబిక్ ఇంచులు. క్రాంక్, పిస్టన్లు, బ్యాలెన్సింగ్, బ్లాకులో రాడ్లకు చోటు చేయడం, ఇదంతా అదనపు ఖర్చే. బిగుతైన బడ్జెట్‌లో మొదటి ఇంజన్‌కు వద్దు.

బిగించేటప్పుడు ముఖ్యమైన కొలతలు ఏవి?

ముందు శుభ్రత. షాపు కడిగి ఇచ్చిన బ్లాకునైనా వేడి నీళ్లు, డిష్ సోపు, బ్రష్‌తో మళ్లీ కడగాలి. తెల్లటి గుడ్డకు ఆయిల్ రాసి సిలిండర్ తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. హోనింగ్ పొడి మిగిలితే కొత్త రింగులను అదే తినేస్తుంది.

రింగులను ఒక్కొక్కటి దాని సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, చివరల మధ్య సందు కొలవాలి. రోడ్డు కారుకు బోరు ప్రతి ఇంచుకు 4 థౌ లెక్కన, 4.030 బోరుకు 16 థౌ. ప్యాకెట్‌లో కంపెనీ ఇచ్చిన అంకె వేరుగా ఉంటే అదే పాటించండి. చుక్క ఉన్న వైపు పైకి.

బేరింగు సందు చూడటానికి ఖరీదైన మైక్రోమీటర్ లేకపోయినా ప్లాస్టిగేజ్ ఉంది. జర్నల్ మీద ఆ సన్నటి మైనపు దారం పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌కు బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పును ప్యాకెట్ మీదున్న గీతలతో పోల్చాలి. జర్నల్ వ్యాసం ప్రతి ఇంచుకు ఒక థౌ అనేది పాత లెక్క. 1968 తర్వాతి 350 మెయిన్ జర్నల్ 2.45 ఇంచులు, రాడ్డు జర్నల్ 2.10 ఇంచులు. అంటే రెండు, రెండున్నర థౌ దగ్గర ఉండాలి.

టార్క్: స్టాక్ బోల్టులకు మెయిన్ క్యాపులు 70 ఫుట్ పౌండ్లు (నాలుగు బోల్టుల క్యాపుల్లో బయటి బోల్టులు 65), రాడ్డు నట్లు 45, హెడ్ బోల్టులు 65. హెడ్ బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించాలి. ఈ ఇంజన్‌లో అవి నీటి జాకెట్‌లోకి దిగుతాయి, కాబట్టి మరలకు సీలెంట్ రాయకపోతే కూలెంట్ బోల్టు వెంట పైకి పాకుతుంది. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుందంటే ఇప్పుడు బిగించినదాంట్లోనే తేడా ఉంది. అన్నీ బిగించాక చూస్తే ఏదో వెతుక్కోవాలి.

అంతా కొత్తదే. అయినా ఆయిల్ ప్రెషర్ రావడం లేదు. ఎందుకు?

ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు (బ్లాకులోని ఆయిల్ దారుల చివర్లు మూసే బిరడాలు). బ్లాకును కడగడానికి తీస్తారు, తిరిగి పెట్టడం మరిచిపోతారు. ముందు వైపు టైమింగ్ గేరు వెనక మూడు ఉంటాయి, ఒక్కటి లేకపోయినా ఆయిల్ అక్కడే కారిపోతుంది. వెనక మెయిన్ క్యాప్ కింద దాక్కున్న ఇంకో ప్లగ్గు లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి పోకుండానే తిరుగుతుంది. దాన్ని ప్రెషర్ గేజ్ చూపించకపోవచ్చు, కాబట్టి బిగించేటప్పుడే చూసుకోవాలి.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పంపును డ్రిల్లుతో తిప్పి ప్రెషర్ తెప్పించాలి. డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలోంచి షాఫ్ట్ దించి, సవ్య దిశలో తిప్పాలి. ఉత్త కడ్డీ పెడితే చాలదు. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ ఒళ్లే ఆయిల్ దారిలో ఒక గోడ. పాడైపోయిన డిస్ట్రిబ్యూటర్ ఒకటి దొరికితే దాని గేరు తీసేసి అదే వాడండి. అన్ని రాకర్ల దగ్గరా ఆయిల్ కనిపించేదాకా, మధ్యమధ్య క్రాంక్ తిప్పుతూ, డ్రిల్లు ఆపకండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

రోలర్ కాని పాతరకం ఫ్లాట్ ట్యాపెట్ (అడుగు చదునుగా ఉండే లిఫ్టర్ల) క్యామ్ ఆయుష్షును తేల్చేది మొదటి అరగంటే. ఐడిలింగ్‌లో వదలకూడదు. స్టార్ట్ అవగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య పెంచుతూ తగ్గిస్తూ 20, 30 నిమిషాలు నడపాలి. క్యామ్‌కు ఆయిల్ చిమ్మేది క్రాంక్, అది నెమ్మదిగా తిరిగితే క్యామ్‌కు చాలదు. జింక్ ఎక్కువున్న బ్రేక్ ఇన్ (కొత్త ఇంజన్‌ను మొదట నడిపి అలవాటు చేయడం) ఆయిలే పోయండి. ఇగ్నిషన్ టైమింగ్ ముందే దాదాపుగా సరిచేసి, కార్బొరేటర్ బౌల్‌లో పెట్రోలు నింపి, కూలెంట్ పోసి ఉంచితే స్టార్టర్‌తో కిందామీదా పడాల్సిన పని ఉండదు. పక్కన ఒక మనిషి, చేతికందేలా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

కార్బొరేటర్‌లోంచి మంట కొడుతోంది, స్టార్ట్ కావడం లేదు.

డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తప్పింది. టైమింగ్ గేర్ల చుక్కలు రెండూ ఎదురెదురుగా పెట్టి బిగించారు కదా, ఆ స్థితిలో మండటానికి సిద్ధంగా ఉండేది ఆరో సిలిండర్, ఒకటోది కాదు. క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నప్పుడు పెట్టండి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, రోటర్ సవ్య దిశలో తిరుగుతుంది. 5, 7 పక్కపక్క సిలిండర్లు, వెంటవెంటనే మండుతాయి. వాటి ప్లగ్ వైర్లు ఆనుకోకుండా చూడండి.

హార్స్‌పవర్ ఎంత వస్తుంది? పాత పుస్తకంలో 300 అని ఉంది.

1970లో ఎల్48 అనే 350కి 300 అని రాశారు. 1971లో తక్కువ సీసం పెట్రోలు కోసం కంప్రెషన్ తగ్గించాక 270. 1972లో 200. ఆ చివరి పతనం ఎక్కువగా కాగితం మీదిదే. అప్పటిదాకా బెల్టులు, సైలెన్సర్ లేకుండా కొలిచిన గ్రాస్ అంకె ఇచ్చేవాళ్లు, 1972 నుంచి కారులో ఉన్నట్టే కొలిచిన నెట్ అంకె ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి మీ ఇంజన్ అంకెను 300తో పోల్చుకుని దిగులుపడకండి.

స్మాగ్ టెస్ట్ (పొగ కాలుష్య పరీక్ష) సంగతి?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ కార్లకు స్మాగ్ పరీక్ష లేదు. 1976 నుంచి ఉంది. అక్కడ ఉంటే కారు కొనేటప్పుడే ఈ ఒక్క ఏడాది తేడా చూసుకోండి.

బ్రేక్ ఇన్ అయ్యాక ఏం చేయాలి?

ఆ ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చేయండి. తీసిన ఫిల్టర్‌ను కోసి మడతల్లో చూస్తే, కొంచెం బూడిదరంగు పొడి మామూలే. మెరిసే రేకులు కనిపిస్తే క్యామో బేరింగో పోతోంది, ఇంకో మైలు కూడా తోలకండి. బాగుంటే 500 మైళ్ల దగ్గర మళ్లీ మార్చండి. మొదటి రోజుల్లో ఒకే వేగంతో హైవే మీద పోకుండా, పెంచుతూ వదులుతూ తోలితే రింగులు బాగా కూర్చుంటాయి. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాలా వద్దా అన్నది గాస్కెట్‌ను బట్టి ఉంటుంది. ఇప్పుడొచ్చే కాంపోజిషన్ గాస్కెట్లలో చాలా వాటికి అక్కర్లేదు, పాతరకం స్టీల్ షిమ్ వేసి ఉంటే ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక బిగించాలి.